అయిదు స్టార్ల కింద ఏముందో చదివిన మనిషి

నాది మేదాన్, జావా పక్క ద్వీపంలోని పట్నం. మా ఊళ్లో కోపమొస్తే అరుస్తాం, ప్రేమొచ్చినా అరుస్తాం. ఏది ఏదో వినేవాళ్లే తేల్చుకోవాలి. అలాంటి నన్ను పదహారేళ్ల కిందట తీసుకొచ్చి ఈ పూర్వోకెర్తోలో, జావా మర్యాదస్తుల మధ్య, యూనివర్సిటీ సర్వర్లు చూసుకోమని కూర్చోబెట్టారు. ఇక్కడ ఎవరికీ కాదని చెప్పడం చేతకాదు. కాఫీలో చక్కెర బదులు ఉప్పు పడ్డా చివరిదాకా తాగి, కప్పు కింద పెట్టి, చాలా బాగుందండీ అంటారు. ఈ పదహారేళ్లలో నాకు బీపీ వచ్చింది గానీ ఆ మొహమాటం మాత్రం అబ్బలేదు.

నిజానికి ఈ చుట్టుపక్కల పల్లెల వాళ్లకు ముక్కుసూటి మనుషులని పేరు. వాళ్ల యాస విని, మర్యాదకు పేరుపడ్డ సోలో, జోగ్జా పట్నాల వాళ్లు పగలబడి నవ్వుతారు. అందుకే ఏమో, యూనివర్సిటీ గేటు దాటేటప్పుడు ఆ యాసనీ ఆ సూటిదనాన్నీ బయటే వదిలేసి లోపలికి వస్తారు. వదలకుండా వచ్చిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆవిడ పేరు వార్తిని. ఇక్కడ పెద్దావిడ పేరు ముందు ‘బు’ అనకపోతే తప్పు, పెద్దాయనకైతే ‘పాక్’, కుర్రాళ్లకు ‘మాస్’. కాబట్టి అందరికీ ఆవిడ బు వార్తిని. నేను తోగర్‌ని, మేదాన్ వాణ్ని గనక నన్ను ‘బాంగ్’ అంటారు, అంటే అన్నా అన్నట్టే.

ఇవాళ మా టెక్నాలజీ టీం తయారు చేసిన యాప్‌ని నాలుగు ద్వీపాల్లో పదకొండు యూనివర్సిటీలు వాడుకుంటున్నాయి. మెచ్చుకుంటూ ఉత్తరాలొస్తుంటాయి. ఆ మెప్పులో సగానికి పైగా, టైపిస్టుగా చేరిన ఆ మనిషికి చెందాలి. ఈ మాట చెప్పడానికి ఇంజనీరునైన నాకు సిగ్గేమీ లేదు, గర్వంగానే ఉంది.

వార్తిని పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని పల్లె చిలోంగోక్‌లో. తండ్రి రోజుకు రెండు పూటలా కొబ్బరి చెట్లెక్కి నీరా దించేవాడు, తల్లి దాన్ని కాచి బెల్లం చేసేది. బెల్లం కొనడానికొచ్చే షావుకారు ఎదుట తండ్రి తల వంచుకుని నిలబడితే, ఎనిమిదేళ్ల వార్తిని ముందుకొచ్చి, "తక్కెడ ఆ పక్కకు వాలింది, సరిచేసి తూచండి" అనేదట. ఇంటికెళ్లాక చెంప ఛెళ్లుమనేదట. "దెబ్బ తగిలినా తూకం మాత్రం సరిగ్గా వచ్చేది" అని ఆవిడే నాకు చెప్పింది.

తొంభై ఆరులో మా రిజిస్ట్రారు ఆఫీసులో దినకూలీ టైపిస్టుగా చేరింది. పదకొండేళ్లు నెట్టుకొచ్చాక పర్మనెంట్ చేశారు. అప్పటి నుంచి మూడో కిటికీ ఆవిడది. పట్టా కోసం దరఖాస్తు పెట్టుకునే పిల్లలంతా ఆ కిటికీ ముందే వరస కట్టాలి. "ఫొటో వెనక ఎర్ర రంగు ఉండాలన్నారు కదా, నీలం తెచ్చావేంటి? చదువుకున్నావా, చదువు కొనుక్కున్నావా? పో, మళ్లీ తీయించుకురా!" అని అందరి ముందూ కడిగి పారేసేది. పిల్లలు ఏడుస్తూ వెళ్లేవాళ్లు. కానీ ఆవిడ చేతి మీదుగా వెళ్లిన కాగితం ఆ తర్వాత ఏ ఆఫీసు నుంచీ వెనక్కి వచ్చేది కాదు. ఆ సంగతి పిల్లలకు పట్టా చేతికొచ్చాక గానీ తెలిసేది కాదు.

ఆ కిటికీని మూయించింది మేమే.

మా టీం ఏడుగురం, లైబ్రరీ వెనక రెండు గదులు. వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు చేస్తాం. చేసింది దాచుకోకుండా ఓపెన్ సోర్స్‌గా అందరి ముందూ పెడతాం, ఏ యూనివర్సిటీ అయినా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, తప్పులుంటే అక్కడే రాయొచ్చు. మా పెద్ద పాక్ హెందార్తో సోలో మనిషి. ఆయన మాట వినపడాలంటే గదిలో ఫ్యాను ఆపాలి. అంత మెత్తన. మా యాప్‌కి ‘సోవాన్’ అని పేరు పెట్టింది ఆయనే. పెద్దల దగ్గరికి వినయంగా వెళ్లి కలిసి రావడాన్ని జావాలో అలా అంటారు. ఇక పిల్లలు కిటికీ ముందు నిలబడక్కర్లేదు, ఫోన్లోంచే దరఖాస్తు పంపొచ్చు. మొబైల్ పనంతా మాస్ సెత్యోది. ఇరవై ఎనిమిదేళ్లవాడు, బంగారం లాంటి పనివాడు, నోట్లో నాలుక లేదు.

కిటికీ మూతపడ్డ వారానికి బు వార్తిని మా గదిలోకి వచ్చింది, చేతిలో ఒక ఉత్తర్వు పట్టుకుని. సిబ్బంది విభాగం అధికారి పాక్ మర్వోతో సంతకం ఉంది దాని మీద. ఆరు నెలలు ఈ టీంలో పనిచేయాలి. ఆరు నెలల తర్వాత, ఈమె మాకు కావాలి అని టీం చెబితే ఇక్కడే ఉంటుంది. చెప్పకపోతే ఊరవతల పాత కాగితాల గోదాముకు బదిలీ. ఆ గోదాములో చెదపురుగులు, ఒక ముసలి వాచ్‌మన్ తప్ప ఇంకెవరూ ఉండరు. అక్కడికి వెళ్లిన వాళ్లు మళ్లీ రిటైర్మెంట్ రోజునే బయటికొస్తారు. ఆవిడకప్పుడు యాభై. ఇంకా ఎనిమిదేళ్లుంది.

ఉత్తర్వు బల్ల మీద పెట్టి అంది: "నేను గోదాముకు పోను. మనుషుల మొహాలు చూడకుండా నేను బతకలేను. ఏ పనైనా చేస్తాను, అదేంటో చెప్పండి చాలు."

"అయ్యో బు, మీరు రావడమే మా అదృష్టం" అన్నారు పాక్ హెందార్తో, రెండు చేతులూ జోడించి. మూడు వారాలు గడిచాయి. పని మాత్రం ఎవరూ చెప్పలేదు. పెద్దావిడకు పని పురమాయించడమా! కుర్చీ వేశారు, ఫ్యాను అటు తిప్పారు, పూటపూటకీ టీ తెచ్చిచ్చారు. నాలుగో సోమవారం ఆవిడ టీ గ్లాసును ఠపీమని బల్ల మీద పెట్టింది.

"నేనేమన్నా పెళ్లికొచ్చిన చుట్టాన్నా, కూర్చోబెట్టి టీలిస్తున్నారు? ఆరు నెలలూ టీ తాగితే చివర్న ఏమని రాస్తారయ్యా నా గురించి, బాగా తాగింది అనా?"

నేను పడీపడీ నవ్వాను. ఈ ఊళ్లో నా భాష మాట్లాడే మనిషి దొరికిందనిపించింది. పాక్ హెందార్తో చెవులు ఎర్రబడ్డాయి. చివరికి తడుముకుని ఒక పని చెప్పారు. సోవాన్‌కు సగటున నాలుగు పాయింట్ ఎనిమిది స్టార్లు వచ్చాయి. వైస్ రెక్టార్ గారు దాన్ని తలకెత్తుకుని ఊరంతా చెబుతున్నారు. వాడినవాళ్లు రాసిన మంచి మాటలు ఏరి రెండు పేజీలు చేసిస్తే, వచ్చే వారం సభలో పంచుతారు. ఆ నాలుగు పాయింట్ ఎనిమిదిని అరచేతులంత అంకెలతో అచ్చు వేయించి గోడకు అంటించింది నేనే. అంతగా మురిసిపోయాను.

ఆవిడ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని, గీతల పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ చదువుతూ రాసుకుంది. ఒకటీ రెండూ కాదు, పదమూడు వందలు. రెండో రోజు మధ్యాహ్నం పిలిచింది.

"బాంగ్ తోగర్, ఇటు రా. కళ్లజోడు పెట్టుకుని రా. వీటిలో నువ్వు ఏవి చదివావు?"

"స్టార్లు లెక్కపెట్టాను కదా బు. ఇంచుమించు అన్నీ అయిదే."

"మాటలు చదివావా అని అడుగుతున్నా." వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "అయిదు స్టార్లు. చాలా మంచి యాప్. తెరిస్తే మూసుకుపోతోంది, క్షమించండి. ఇదొకటి. అయిదు స్టార్లు. పైన కనపడాలని అయిదిచ్చాను, తప్పుగా అనుకోకండి, పోయినేడాది టైంటేబుల్ చూపిస్తోంది, తయారు చేసిన అన్నలంతా ఆరోగ్యంగా ఉండాలి. ఇంకోటి. అద్భుతం, నోట మాట రావట్లేదు. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి రెండు నెలలుగా కుదరట్లేదు."

గోడ మీది అంకెల వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. ఓరి దేవుడా, ఈ ఊరి వాళ్ల సంగతి ఇన్నేళ్లుగా తెలిసి కూడా ఎలా మోసపోయాను! తక్కువ స్టార్లిస్తే చేసినవాళ్లు నొచ్చుకుంటారు. అయిదిస్తే నొచ్చుకోరు, పైగా మాట పైన కనపడుతుంది. అందుకని పొగిడి, దీవించి, దాని అడుగున అసలు బాధ పెట్టారు. మేమేమో పైది చూసి మురిసిపోయాం.

"ఇది విను" అంది ఆవిడ. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఇలాంటివి పదిహేడున్నాయి. దరఖాస్తు మూడుసార్లు పంపాను, పచ్చ టిక్కు వచ్చింది, జాబితాలో నా పేరు లేదు, బహుశా నాదే పొరపాటు. పదిహేడు మందీ తమదే పొరపాటంటున్నారు. పట్టాల జాబితా ఎప్పుడు మూస్తారు?"

"శుక్రవారం మధ్యాహ్నం." ఆ రోజు మంగళవారం.

పదిహేడు మందిలో మొదటి పిల్ల ఖోతిమా, దియెంగ్ కొండల మీద బంగాళదుంపలు పండించే వాళ్లమ్మాయి. వార్తిని మా అందరి ముందే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

"సోవాన్ బాగా పనిచేస్తోందండీ బు, ఏ ఇబ్బందీ లేదు. చాలా కృతజ్ఞతలు" అంది ఆ పిల్ల.

"ఏ ఇబ్బందీ లేదా? మూడో కిటికీ వార్తినిని మాట్లాడుతున్నా. మళ్లీ చెప్పు."

అవతల ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ల కొండ మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పంపినప్పుడల్లా పచ్చ టిక్కు వచ్చింది. ఊళ్లో స్కూల్లో టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు, ఈసారి పట్టా రాకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను, క్షమించండి బు, అంది.

నేను పరుగున వెళ్లి సర్వర్‌లో వెతికాను. పంపు అనే బటన్ నొక్కి, కాగితాలు మాత్రం మా దాకా చేరని వాళ్లు పదిహేడు మంది కాదు. అరవై ఒక్కమంది.

వార్తిని సెత్యో వైపు కుర్చీ తిప్పింది. "మాస్ సెత్యో, ఆ పచ్చ టిక్కు నీదే కదా?"

"నాదే బు. బటన్ నొక్కగానే టిక్కు వస్తుంది. కాగితాలు చేరాయో లేదో చూడదు. అది... నెల కిందటే కనిపెట్టాను."

"నెల కిందటా!" నేను గావుకేక పెట్టాను. పక్క గదిలో వాళ్లు లేచి వచ్చారు. "కనిపెట్టి నోరు మూసుకున్నావా?"

"అప్పటికే పాక్ హెందార్తో గారు వైస్ రెక్టార్ గారికి చూపించేశారు బాంగ్. ఆయన పరువు ఏం కావాలి? నెమ్మదిగా తర్వాతి విడుదలలో సరిచేద్దామని..."

నేను ఇంకా అరవబోతే వార్తిని చెయ్యెత్తి ఆపింది. "వీణ్ణి తర్వాత తిడుదువుగాని. ముందు పాక్ హెందార్తో గారికి చెప్పాలి."

నాకు మనసులో ఒక భయం ఉండి, ఆవిడను పక్కకు పిలిచి చెప్పాను. "చూడండి బు. ఇది బయటపడితే టీం మొత్తం తల వంచుకోవాలి. ఆ బయటపెట్టింది మీరే అని అందరికీ తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత మీ గురించి మంచి రాయాల్సింది ఆయనే. గోదాము గుర్తుందా?"

"గుర్తుండకేం? రాత్రిళ్లు కలలోకి వస్తోంది" అంది. పుస్తకం చంకలో పెట్టుకుంది. "కానీ అరవై ఒక్కమందిని వెనక్కి పంపిన దాన్ని అనిపించుకుని ఇక్కడ కూర్చోలేను బాంగ్. పద."

పాక్ హెందార్తో అంతా విని కళ్లు మూసుకున్నారు. "ఈ సంగతి వైస్ రెక్టార్ గారికి ఎలా చెప్పాలో..." అన్నారు.

"నోటితో చెప్పాలి" అంది వార్తిని.

ఆయన చెప్పారు. పాపం, చెమటలు కక్కుకుంటూ వెళ్లి, చెప్పి వచ్చారు. సభ ఆగిపోయింది, మాకు మాత్రం శుక్రవారం లోపు సరిచేసుకోమని అనుమతి దొరికింది. సెత్యో బుధవారం సాయంత్రానికల్లా టిక్కును సరిచేశాడు. కాగితాలు చేరాయని సర్వర్ చెబితేనే పచ్చ, లేకపోతే ఎర్ర, సిగ్నల్ వచ్చాక దానంతటదే మళ్లీ పంపుతుంది. ఇక ఆ అరవై ఒక్కమందికీ ఫోన్లు చేసింది వార్తిని. అందరిలా "ఏమైనా ఇబ్బందా?" అని అడగలేదు. అలా అడిగితే లేదండీ అనేవాళ్లే అందరూ. "ఏం తప్పు జరిగిందో చెప్పు, చెప్పేదాకా ఫోన్ పెట్టను" అని మొదలుపెట్టేది. శుక్రవారం పదకొండున్నరకు అరవై ఒకటో పేరు జాబితాలో చేరింది. సెత్యో బల్ల మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఆవిడ వెళ్లి వాడి వీపు మీద గట్టిగా ఒక చరుపు చరిచి, "లే. నువ్వు చదవాల్సినవి ఇంకా పదమూడు వందలున్నాయి" అంది.

అలా మొదలైంది మా మంగళవారం. ప్రతి మంగళవారం పొద్దున ఆవిడ ఇంటి నుంచి వేడివేడి మెందోవాన్ తెస్తుంది. పులియబెట్టిన సోయాగింజల తెంపెను పలచగా కోసి, పిండిలో ముంచి సగం వేయించి, పచ్చిమిరపకాయతో కొరుక్కు తినాలి, ఆ వాసనకే నోట్లో నీళ్లూరతాయి. డబ్బా బల్ల మధ్యలో ఉంటుంది, మూత మీద ఆవిడ చెయ్యి ఉంటుంది. మన పనిలో ఒక చెడ్డ మాట చెప్పిన వాళ్లకే ఒక ముక్క. మంచి మాట చెప్పిన వాడికి టీ మాత్రమే. మొదటి మంగళవారం ఎనిమిది మందిలో నేనొక్కణ్నే తిన్నాను, అదీ ఆరు ముక్కలు. రెండో మంగళవారం పాక్ హెందార్తో, "అంతా బాగానే ఉంది, కాకపోతే అక్షరాలు మరీ చిన్నవేమో అని కొందరికి అనిపించవచ్చునేమో" అన్నారు. "ఆ కొందరు మీరేనా?" అని అడిగింది వార్తిని. "నేనే" అన్నారాయన. ముక్క దొరికింది. రెండు నెలలయ్యేసరికి ఆవిడ ఇంకో డబ్బా తేవాల్సి వచ్చింది.

అంతటితో ఆగలేదు. మా ఓపెన్ సోర్స్ పేజీలో తప్పులు రాసే చోట తనే రాయడం నేర్చుకుంది. ఇంజనీర్ల భాష రాదు. వచ్చిన భాషలోనే రాసింది. ఈ బటన్ అబద్ధం చెబుతోంది. ఈ పేజీలో వెనక్కి వెళ్లే దారి లేదు, మనిషి చిక్కుకుపోతాడు. మా ఆయన కస్నో చేపల చెరువు దగ్గర నిలబడి చూశాడు, ఎండలో ఒక్క ముక్కా కనపడలేదు. అయిదు నెలల్లో రెండు వందల పన్నెండు రాసింది. వాటిలో నూట తొంభై సరిచేశాం. దూరాన సులవేసిలో సోవాన్ వాడుకుంటున్న ఒక యూనివర్సిటీ నుంచి ఒకతను రాశాడు: మీ దగ్గర వార్తిని అనే పేరుతో తప్పులు పట్టే ప్రోగ్రాం ఏదో ఉన్నట్టుంది, దాన్ని కూడా పంచుకోగలరా, మాకూ కావాలి. నేను అది చదివి వినిపిస్తే ఆవిడ, "పంపిస్తానని రాయి, ఓడ టిక్కెట్టు కొనమను" అంది. ఆ ఉత్తరాన్ని నేను అచ్చు తీసి, గోడ మీద పాత అంకెలు పీకేసి, అక్కడ అంటించాను. నా బల్ల దగ్గరికి ఎవరొచ్చినా ముందు దాన్ని చూపిస్తాను.

ఆరు నెలలూ నిండాయి. పాక్ మర్వోతో వచ్చే ముందు రోజు వార్తిని నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"బాంగ్, రేపు నువ్వు నోరు విప్పకూడదు. ఒట్టెయ్యి."

"ఎందుకు? నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?"

"నువ్వు రోజూ అరుస్తావు. క్యాంటీన్లో అన్నం పలుకైందని అరిచావు, రేపు నా కోసం అరిచినా అలాగే ఉంటుంది ఆయనకు. పైగా మంకుపట్టు మనిషి, గట్టిగా అంటే మొండికేస్తాడు. నువ్వు మాట్లాడితే నాకు గోదామే గతి." మాట కటువుగానే ఉంది గానీ ఆవిడ చేతులు తలగుడ్డ కొసను నలుపుతున్నాయి. ఒట్టేశాను.

మర్నాడు పొద్దున పాక్ మర్వోతో గదిలో పెద్ద కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా మేం ఏడుగురం. వార్తిని తలుపు పక్కన స్టూలు మీద. కుశల ప్రశ్నలు, వానలు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక ఆయన అడిగారు: "మరి బు వార్తిని సంగతి? మీకు అవసరమేనా?"

పాక్ హెందార్తో చేతులు జోడించారు. "ఎంతో సహాయంగా ఉన్నారు. మేమంతా ఆమెకు రుణపడి ఉన్నాం. అయితే మీకున్న ఇబ్బందులు మీకుంటాయి. తమరు ఏ నిర్ణయం తీసుకున్నా మాకు సమ్మతమే."

ఆ మనిషి మనసులో ‘పంపొద్దు, చచ్చినా పంపొద్దు’ అని ఉంది, నాకు తెలుసు. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది! అధికారి ముందు ఇంకో మాట రాదు ఆయనకు. పాక్ మర్వోతో తల పంకించి, బదిలీకి టీం వారికి అభ్యంతరం లేదు అని పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టారు. నేను పళ్లు కొరుక్కుంటూ కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. వార్తిని నేల చూస్తోంది. ఆరు నెలల్లో ఆవిడ నేల చూడటం అదే మొదటిసారి.

"కాదు పాక్."

ఎవరన్నారా అని అందరం చూశాం. సెత్యో లేచి నిలబడ్డాడు.

"అలా రాయకండి. ఆమె మాకు కావాలి. నేను ఒక తప్పు చేసి నెలరోజులు దాచాను. అరవై ఒక్కమంది పట్టా పోయేది. ఈ గదిలో ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆమె అడిగింది. ఆమె వెళ్లిపోతే మళ్లీ అలాగే అయిపోతాం, నాకు తెలుసు." పాక్ హెందార్తో వైపు తిరిగాడు. "పాక్ హెందార్తో గారికి కూడా ఆమెను పంపడం ఇష్టం లేదు. మీ ముందు ఆయనకు నోరు రావడం లేదు."

పై అధికారి ఎదుట సొంత పెద్దను అంతమాట అనడం! ఇక్కడ అలాంటిది నేను ఒక్కసారి కూడా చూడలేదు. పాక్ హెందార్తో మొహం కందగడ్డ అయింది. నేల వైపు చూశారు, కప్పు వైపు చూశారు. తర్వాత నిటారుగా కూర్చుని, ఫ్యాను తిరుగుతుండగానే అందరికీ వినపడేలా అన్నారు:

"అవును. పంపొద్దు. ఆమె లేకుండా ఇకమీదట సోవాన్‌ను విడుదల చెయ్యను."

పాక్ మర్వోతో కలం పట్టుకుని ఆయన్నీ సెత్యోనీ మార్చి మార్చి చూశారు. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా" అని, రాసింది కొట్టేసి, కొత్త కాగితం తీసి రాశారు. వార్తిని ఈ టీంలో శాశ్వత ఉద్యోగి. పని: విడుదలకు ముందు తప్పులు పరీక్షించడం.

నాకు ఒట్టు ఇంకా ఉంది గనక అరవలేదు. కళ్లు మాత్రం తుడుచుకున్నాను, దానికి ఒట్టు లేదు. అందరం వార్తిని వైపు తిరిగాం. ఏమైనా అంటుందని చూశాం. ఎప్పుడూ తడుముకోని మనిషికి మాట రాలేదు. సెత్యో వెళ్లి స్టూలు మీంచి లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇరవై ఆరేళ్లు చేశాను" అంది చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "నువ్వు కావాలి అని ఇప్పటిదాకా ఎవరూ నా మొహం మీద అనలేదు."

పాక్ మర్వోతో సంతకం పెట్టి కాగితం అందించారు. ఆవిడ తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి నెమ్మదిగా చదివింది. చివరికొచ్చి ఆగింది. కాగితాన్ని ఆయన వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

"పాక్, తేదీ నిన్నటిది వేశారు. సరిచేసి మళ్లీ సంతకం పెట్టండి."